నెలసరి నొప్పికి చైనా మూలికలు వాడొచ్చా?

ప్రశ్న: నా వయసు 28. మాది కాకినాడ. పెళ్లయి రెండేళ్లయింది, ప్రస్తుతం సింగపూర్‌లో ఉంటున్నాం. పెద్దమనిషి అయినప్పటి నుంచీ నెలసరి మొదటి రోజు కడుపునొప్పి ఉండేది. ఒక మాత్ర వేసుకుంటే తగ్గిపోయేది. ఏడాదిగా అలా లేదు. రెండు రోజుల ముందే మొదలై నాలుగో రోజు దాకా ఉంటోంది. నడుము, తొడలు లాగేస్తాయి. ఆ రోజుల్లో మోషన్‌కి వెళ్లాలన్నా నొప్పికి భయమేస్తోంది. ఇండియా నుంచి తెచ్చుకున్న మెఫ్టాల్ స్పాస్ రోజుకు మూడు వేసుకున్నా పూర్తిగా తగ్గట్లేదు. ఆఫీసులో నా చైనీస్ కొలీగ్ తను చూపించుకునే చైనీస్ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన నాడి, నాలుక చూసి, ఒంట్లో చలువ చేరిందని, రక్తం కదలకుండా నిలిచిపోయిందని చెప్పి మూడు నెలలకు పొడి మందు ఇచ్చారు. ఇంకా మొదలుపెట్టలేదు. కొలీగ్ బాక్ ఫూంగ్ మాత్రలు కూడా వాడమంటోంది. మావారికి ఈ మందుల మీద నమ్మకం లేదు. అమ్మేమో ఒక కాన్పయితే అదే పోతుంది, ఏ మాత్రలూ మింగకు అంటోంది. మేం పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. నేను శాకాహారిని. ఈ మందులు పనిచేస్తాయా? వాడితే ప్రమాదమా?
ఒక పాఠకురాలు, సింగపూర్

సమాధానం: ఆ పొడి మందు ఇంకా మొదలుపెట్టలేదన్నారు. మంచి పని చేశారు, ఇంకొన్నాళ్లు అలాగే పక్కన ఉంచండి. చైనా వైద్యం పనికిరాదని కాదు నా ఉద్దేశం. ఆ మందుల్లో శ్రద్ధగా చూడదగ్గవి ఉన్నాయి, వాటి గురించి వివరంగానే రాస్తాను. కానీ మీ ఉత్తరంలో మూడు విషయాలు నన్ను ఆపేశాయి. ఏళ్ల తరబడి ఒకే తీరుగా ఉన్న నొప్పి ఈ ఏడాదిలో మారింది. బ్లీడింగ్‌కి రెండు రోజుల ముందే మొదలవుతోంది. ఆ రోజుల్లో మోషన్‌కి వెళ్తే నొప్పి పెడుతోంది. ఈ మూడూ కలిసి కనిపించినప్పుడు ముందు నొప్పి ఎందుకు వస్తోందో తేలాలి. ఏ మందు అన్నది ఆ తర్వాత.

నెలసరి నొప్పి రెండు రకాలు. మొదటి రకంలో గర్భసంచిలో జబ్బేమీ ఉండదు. నెలనెలా ఊడిపోయే లోపలి పొరలోంచి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు వస్తాయి. అవి ఎక్కువైతే గర్భసంచి కండరం గట్టిగా బిగుసుకుంటుంది, దానికి అందే రక్తం కాసేపు తగ్గుతుంది, నొప్పి పుడుతుంది. కొందరికి ఆ రోజుల్లో వాంతులు, విరేచనాలు అయ్యేదీ వీటివల్లే. ఇది సాధారణంగా పెద్దమనిషి అయిన ఏడాది రెండేళ్లలో మొదలవుతుంది, బ్లీడింగ్‌తో వచ్చి రెండు మూడు రోజుల్లో పోతుంది. మెఫనమిక్ యాసిడ్ (మీ మెఫ్టాల్ స్పాస్‌లో ఉండేది ఇదే), ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని తగ్గిస్తాయి కాబట్టి చాలామందికి పనిచేస్తాయి. మీకు మొదట్లో ఉన్న నొప్పి ఈ రకమే అయి ఉండాలి.

ఇప్పటిది అలా లేదు. రెండో రకంలో నొప్పి వెనక ఒక కారణం ఉంటుంది. గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం అండాశయాల మీద, పేగుల దగ్గర, గర్భసంచి వెనక పెరిగితే దాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. అదే పొర గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోతే అడినోమయోసిస్. ఇవి కాక గర్భసంచిలో పెరిగే ఫైబ్రాయిడ్ గడ్డలు, పాత ఇన్ఫెక్షన్లు. మలవిసర్జనప్పుడు, భార్యాభర్తలు కలిసినప్పుడు నొప్పి రావడం ఎండోమెట్రియోసిస్‌లో తరచుగా కనిపించే లక్షణం. పిల్లలు కనే వయసులో ఉన్న ఆడవాళ్లలో సుమారు 10 శాతం మందికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయినా బయటపడడానికి చాలామందికి ఏళ్లు పడుతుంది. ఆడపుట్టుక పుట్టాక ఈ మాత్రం నొప్పి ఉండదా అని ఇంట్లోనే అనేస్తారు కదా, ఆ మాట వల్ల పోయిన ఏళ్లే ఎక్కువ. మీకు ఇదే ఉందని ఉత్తరం చూసి నేను చెప్పలేను. చూపించుకోకుండా లేదని కూడా ఎవరూ చెప్పలేరు. అంచేత ముందు గైనకాలజిస్టును కలవండి, స్కాన్ చేయించుకోండి. పెళ్లయినవాళ్లకు లోపలి నుంచి చేసే స్కాన్‌లో పైనుంచి చేసేదానికన్నా బాగా తెలుస్తుంది.

అమ్మగారి మాట గురించి కూడా చెప్పాలి. కాన్పు తర్వాత నొప్పి తగ్గడం అబద్ధం కాదు. మొదటి రకం నొప్పి ఉన్న చాలామందికి అలా తగ్గుతుంది, ఆవిడ తరంలో తన చుట్టూ చూసిందే చెబుతున్నారు. కానీ ఎండోమెట్రియోసిస్ అలా పోతుందన్న నమ్మకం లేదు. పైగా గర్భం రాకుండా అడ్డుపడేవాటిలో అదీ ఒకటి. మీరు పిల్లల కోసం చూస్తున్నారు కాబట్టి, కాన్పయ్యేదాకా ఆగుదాం అనుకోవడం మీ విషయంలో తిరగబడొచ్చు.

ఇక చైనా వైద్యం. ఆ వైద్యుడు మీ నాడి, నాలుక చూసి చెప్పిన మాట గాలి మాట కాదు, దాని వెనక చాలా పాత లెక్క ఉంది. ప్రవాహం ఆగినచోట నొప్పి పుడుతుందన్నది వాళ్ల మూల సూత్రం. ఎందుకు ఆగిందన్నదాన్ని బట్టి మందు మారుతుంది. చలువ వల్ల ఆగితే వేడి చేసే మూలికలు ఇస్తారు. మనసులో బిగబట్టుకోవడం వల్ల, కోపం దిగమింగడం వల్ల ఆగితే కదిలించేవి ఇస్తారు. ఒంట్లో రక్తబలం లేక నొప్పి వస్తే బలం పెంచేవి. వేడినీళ్ల సంచి పెట్టుకుంటే హాయిగా ఉందా, గడ్డలు పడుతున్నాయా, రంగు నల్లగా ఉందా, నొక్కితే నొప్పి తగ్గుతుందా పెరుగుతుందా అని మిమ్మల్ని అడిగే ఉంటారు. వేడి చేసింది, చలువ చేసింది అనే మాటలు మన ఇళ్లలోనూ రోజూ వినిపించేవే కాబట్టి, ఆయన చెప్పింది మీకు కొత్తగా అనిపించి ఉండదు. ఒకే నొప్పితో వచ్చిన ఇద్దరికి వాళ్లు రెండు వేర్వేరు మందులు ఇస్తారు. మీ కొలీగ్‌కి పడిన మందు మీకు పడాలని లేదని మొదట చెప్పేది ఆ వైద్యమే.

సుమారు 1,800 ఏళ్ల కిందట, చైనాను ఏలిన హాన్ వంశం చివరి రోజుల్లో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు ఉండేవాడు. ఆడవాళ్ల జబ్బులకు ఆయన రాసిన యోగాలు, అంటే మూలికలు కలిపి చేసే మందులు, కొన్ని ఇప్పటికీ చైనా, తైవాన్, జపాన్, కొరియాల్లో వాడుకలో ఉన్నాయి. దాల్చిన కొమ్మలు, పియోనీ వేరు, పీచ్ పప్పు కలిసిన గుయ్ జి ఫు లింగ్ గుళికలు ఒకటి. డాంగ్ గ్వే, పియోనీ కలిసిన చూర్ణం ఇంకొకటి. చలువ చేసిందన్నవాళ్లకు ఇచ్చే వెన్ జింగ్ కషాయం మరొకటి. ఇవి కాక నాలుగు మందుల కషాయం అని పేరున్న సి వు తాంగ్ ఉంది. డాంగ్ గ్వే, చువాన్ షియోంగ్, తెల్ల పియోనీ, ఉడికించి ఎండబెట్టిన రెహ్మానియా, ఈ నాలుగే అందులో ఉండేవి. నెలసరి ఇబ్బందులకు ఇచ్చే చైనా మందుల్లో సగం దాని చుట్టూ అల్లినవే అనిపిస్తుంది.

డాంగ్ గ్వేను సింగపూర్ షాపుల్లో టాంగ్ క్వే అంటారు. ఏంజెలికా జాతి మొక్క వేరు అది. చైనాలోని గాన్సు రాష్ట్రంలో ఎత్తయిన చల్లని కొండ ప్రాంతాల్లో, ముఖ్యంగా మిన్‌షియన్ చుట్టుపక్కల, పండుతుంది. చైనా ఇళ్లలో అల్లం, మేక మాంసంతో కలిపి చలికాలంలో సూప్ కూడా కాస్తారు. ఆన్‌లైన్‌లో ఒట్టి డాంగ్ గ్వే క్యాప్సూల్స్ అమ్ముతుంటారు, ఎవరైనా పంపిస్తే వాటి జోలికి వెళ్లకండి. చైనా వైద్యులు దాన్ని ఒంటరిగా ఇవ్వడం అరుదు, మిగతా మూలికలతో కలిపే ఇస్తారు. ఆ క్యాప్సూల్‌కీ ఆ వైద్యానికీ సంబంధం తక్కువ.

మీ ప్యాకెట్ మీద యాన్ హు సువో అని ఉంటే అది నొప్పి తగ్గించేందుకు వేసింది. కోరిడాలిస్ అనే చిన్న మొక్క దుంప. దాన్ని వెనిగర్‌లో వేయించి వాడతారు. అందులో మందుగా పనిచేసే ఆల్కలాయిడ్లు అనే రసాయనాలు ఆమ్లంతో కలిస్తే నీళ్లలో తేలిగ్గా కరుగుతాయి, కషాయంలోకి ఎక్కువగా దిగుతాయి. ఆ సంగతి రసాయన శాస్త్రం రాకముందే వాళ్లకు అనుభవంలో తెలుసు. యి ము త్సావో అని ఉంటే అది గర్భసంచి మీద పనిచేసే ఆకు. షియాంగ్ ఫు అని ఉంటే అది మీకు బాగా తెలిసినదే, మన పొలాల్లో పీకేకొద్దీ వచ్చే తుంగ మొక్క దుంప, మన ఆయుర్వేద షాపుల్లో దొరికే తుంగముస్తలు. 16వ శతాబ్దంలో లీ షిజెన్ దాన్ని ఆడవాళ్ల వైద్యానికి సేనాధిపతి అని మెచ్చుకున్నాడు. గాన్ త్సావో అంటే అతిమధురం జాతి. హోంగ్ హువా మన కుసుమ పువ్వు. పొట్ట మీద, కాళ్ల మీద కాల్చి వేడి పెట్టే మోక్సా ఉంటుందే, దాని ఆకు మన వినాయక చవితి పత్రిలో మొదట వచ్చే మాచీపత్రానికి దగ్గరి చుట్టం. వీటిలో చాలా మొక్కలు మనకూ వాళ్లకూ ఉమ్మడివే. దీన్ని భయపడాల్సిన వింత వైద్యంగానూ చూడక్కర్లేదు, మహత్యంగానూ చూడక్కర్లేదు.

పనిచేస్తాయా అన్నారు. మొదటి రకం నొప్పికి కొంత పనిచేస్తాయనడానికి ఆధారాలున్నాయి, కానీ అవి గట్టివి కావు. 2008లో, వైద్య పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ తరఫున కొందరు పరిశోధకులు 39 పరీక్షలను, వాటిలో పాల్గొన్న 3,475 మంది వివరాలను కలిపి చూశారు. ఫలితాలు ఆశాజనకంగానే ఉన్నాయి, మామూలు నొప్పి మాత్రలకన్నా మేలనిపించిన పరీక్షలూ ఉన్నాయి. అయితే ఆ పరీక్షల్లో చాలావాటిని సరైన పద్ధతిలో చేయలేదు, అందుకని గట్టిగా చెప్పలేమని వాళ్లే రాశారు. జాగ్రత్తగా చేసినవి రెండు చెబుతాను. జపాన్‌లో 1997లో 40 మందిపై డాంగ్ గ్వే, పియోనీ చూర్ణాన్ని పరీక్షించారు. ఎవరికి అసలు మందు, ఎవరికి ఉత్తుత్తి మందు అన్నది వైద్యులకూ తెలియకుండా జరిపారు. అసలు మందు తీసుకున్నవాళ్లకు నొప్పి తగ్గింది. అక్కడ ఒక కిటుకుంది. సంప్రదాయ పద్ధతిలో చూసి, చలువ శరీరం, బలం తక్కువ అని తేల్చినవాళ్లనే ఆ పరీక్షకు తీసుకున్నారు. తైవాన్‌లో 2007లో వెలువడిన పరీక్షలో 78 మందికి నాలుగు మందుల కషాయాన్ని ఇలాగే ఎవరికి ఏ మందన్నది తెలియకుండా ఇచ్చి చూస్తే, మందు వాడిన నెలల్లో ఉత్తుత్తి మందుకీ దానికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆపేశాక చివరి నెలలో కాస్త తేడా వచ్చింది.

ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది. మనిషిని చూసి ఎంచిన మందుకు ఏదో గుణం ఉండొచ్చు, అందరికీ ఒకటే మందు అంటే ఆ గుణం కనిపించట్లేదు. కానీ 40 మంది, 78 మంది అంటే చిన్న పరీక్షలు, వీటి మీద పెద్ద మాట కట్టలేం. ఎండోమెట్రియోసిస్ విషయానికొస్తే ఆధారాలు ఇంకా తక్కువ. నొప్పి కొంత తగ్గినా, ఆ కణజాలం పేగుల దగ్గరో అండాశయం మీదో పెరుగుతూనే ఉండొచ్చు. అందుకే మందు తర్వాత, స్కాన్ ముందు అంటున్నాను. నొప్పి తగ్గిందని ధైర్యంగా ఉండి రెండేళ్లు పోగొట్టుకోవడమే మీ విషయంలో అసలు ప్రమాదం.

మీరు శాకాహారి అన్నారు కాబట్టి బాక్ ఫూంగ్ మాత్రల గురించి కచ్చితంగా చెప్పాలి. వాటి అసలు పేరు వు జి బై ఫెంగ్, నల్ల ఎముకల కోడి అందులో ప్రధానమైనది. మన కడక్‌నాథ్ కోడిలా దాని చర్మం, ఎముకలు నల్లగా ఉంటాయి, ఈకలు మాత్రం తెల్లగా పట్టులా ఉంటాయి. చైనా మందుల ప్రమాణ గ్రంథంలోని యోగంలో కోడితో పాటు జింక కొమ్ము జిగురు, తాబేలు జాతి జంతువు డిప్ప, ఆల్చిప్ప, గొల్లభామలాంటి పురుగు గుడ్ల తిత్తి కూడా ఉంటాయి. పైన చెప్పిన వెన్ జింగ్ కషాయంలో గాడిద చర్మం నుంచి తీసే జిగురు వేస్తారు. కడుపులో రక్తం నిలిచిందన్నవాళ్లకు ఇచ్చే షావో ఫు జు యు కషాయంలో ఎగిరే ఉడుత పెంటికలు ఉంటాయి. మీ వైద్యుడు చెప్పిన మాటలను బట్టి మీకు ఇచ్చింది ఇదే అయ్యే అవకాశం లేకపోలేదు. ఇవి చైనా వైద్యంలో మామూలు ద్రవ్యాలు, తప్పేమీ కాదు. మీరు అడగనిదే వాళ్లు చెప్పరు, ఎందుకంటే వాళ్లకు అది ప్రత్యేకంగా చెప్పాల్సిన సంగతే కాదు. శాకాహారిని అని మొదటే చెబితే వేరే మూలికలతో సర్దుతారు.

గర్భం సంగతి ఇంకా ముఖ్యం. కుసుమ పువ్వు, పీచ్ పప్పు, యి ము త్సావో లాంటి రక్తాన్ని కదిలించే మూలికలను గర్భవతులకు ఇవ్వకూడదని చైనా వైద్యమే చెబుతుంది. నెల తప్పిందని తెలిసేలోపు రెండు మూడు వారాలు గడిచిపోతాయి. అన్ని రోజులూ మూడు నెలలు వరసగా తాగే మందయితే ఆ వారాల్లో కూడా తాగుతూనే ఉంటారు. మంచి వైద్యుడికి పిల్లల కోసం చూస్తున్నాం అని చెబితే అలాంటి మూలికలను నెలసరి రోజులకే పరిమితం చేస్తారు, లేదా అసలు ఇవ్వరు. మీరు ఆయనకు ఆ మాట చెప్పారో లేదో ఉత్తరంలో రాయలేదు. చెప్పకపోతే, స్కాన్ ఎలా వచ్చినా సరే, ఇప్పుడిచ్చిన ప్యాకెట్లు వాడకండి. మళ్లీ వెళ్లి చెప్పి కొత్తగా రాయించుకోండి.

మిగతా ప్రమాదాల సంగతి అందరికీ కాకపోయినా ఈ సమాధానం చదివేవాళ్లలో కొందరికి పనికొస్తుంది. డాంగ్ గ్వే, రక్తం పలచబడడానికి వాడే వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం పెరగొచ్చు. అతిమధురం రోజుల తరబడి ఎక్కువగా తీసుకుంటే బీపీ పెరిగి, పొటాషియం పడిపోతుంది. బీపీ మాత్రలు వాడేవాళ్లు జాగ్రత్త. కోరిడాలిస్‌లో ఉండే టెట్రాహైడ్రోపాల్మటిన్ అనే ఆల్కలాయిడ్ గాఢంగా ఉన్న జిన్ బు హువాన్ అనే మాత్రల వల్ల 1990ల్లో అమెరికాలో కొందరి లివర్ దెబ్బతింది. కషాయంలో ఉండే పాళ్లు వేరు, అయినా కామెర్ల చరిత్ర ఉన్నవాళ్లు యాన్ హు సువో ఉన్న మందుకు దూరంగా ఉండడం మంచిది.

అన్నిటికన్నా ఘోరమైనది అరిస్టోలోకియా జాతి మొక్కల్లో ఉండే అరిస్టోలోకిక్ యాసిడ్. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి చైనా మూలికల మాత్రలు వాడిన ఆడవాళ్లలో ఒకరి తర్వాత ఒకరికి కిడ్నీలు పాడయ్యాయి, బాధితులు వందమంది దాకా తేలారు. ఒక మూలికకు బదులు దాదాపు అదే పేరున్న అరిస్టోలోకియా జాతి మూలిక కలిసిపోవడమే కారణం. తర్వాత వాళ్లలో కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. అది బరువు మందు, మనకేంటి అనుకోకండి. కాళ్లూ చేతులూ చల్లబడి నెలసరి నొప్పి వచ్చేవాళ్లకు ఇచ్చే ఒక పాత కషాయంలో ము తోంగ్ అనే తీగ కాండం వేస్తారు. చాలాకాలం పాటు దాని స్థానంలో గువాన్ ము తోంగ్ అనే అరిస్టోలోకియా తీగనే వాడారు. చైనా ప్రభుత్వం 2003లో దాన్ని ఆపించింది. ఇప్పుడు సింగపూర్‌లో పద్ధతిగా నడిచే క్లినిక్‌లో అది దొరికే అవకాశం తక్కువ. పేరు లేని పొట్లాల్లో, ఇంటర్నెట్‌లో ఎక్కడినుంచో వచ్చే మాత్రల్లో ఏముందో మాత్రం ఎవరు చెప్పగలరు? మూలికల మందు అని అమ్మేవాటిలో స్టెరాయిడ్లు, మామూలు నొప్పి మాత్రల పొడి కలిపి పట్టుబడిన సందర్భాలు చాలా దేశాల్లో ఉన్నాయి. మొదటి మోతాదుకే మంత్రం వేసినట్టు నొప్పి మాయమైతే సంతోషించకుండా అనుమానించండి. గర్భసంచిని శుభ్రం చేస్తుందంటూ యోనిలో పెట్టుకునే మూలికల ఉండలు కూడా ఆన్‌లైన్‌లో చైనా వైద్యం పేరుతో అమ్ముతున్నారు. వాటిని దయచేసి ఎవరూ ముట్టుకోవద్దు, ఇన్ఫెక్షన్ తెచ్చిపెడతాయి.

ఈ విషయంలో మీరున్న చోటు మీకు మేలే. సింగపూర్‌లో చైనా వైద్యం చేసేవాళ్లు చట్టం ప్రకారం రిజిస్టర్ కావాలి, ఆ పేర్లు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ప్యాక్ చేసి అమ్మే చైనా మందులకు అక్కడి ప్రభుత్వ సంస్థ హెల్త్ సైన్సెస్ అథారిటీ లిస్టు ఉంది, పాదరసం, సీసం, ఆర్సెనిక్ లాంటివి పరిమితి దాటకూడదు. లిస్టులో ఉందంటే కల్తీ విషయంలో కొంత నిబ్బరంగా ఉండొచ్చని అర్థం, పనిచేస్తుందన్న హామీ మాత్రం కాదు. మీ వైద్యుడి పేరు చూసుకోండి. మీకు ఇచ్చిన పొడిలో ఏ మూలిక ఎన్ని గ్రాములుందో రాసివ్వమని అడగండి. రాసివ్వనంటే ఇంకొకరిని వెతుక్కోండి. రాసిచ్చిన కాగితాన్ని గైనకాలజిస్టుకు చూపించండి, స్కాన్ రిపోర్టును చైనా వైద్యుడికి చూపించండి. ఇద్దరిలో ఎవరి దగ్గరా రెండోవారి మందు సంగతి దాచొద్దు. ఇంగ్లిష్ డాక్టర్ తిడతారేమోనని దాచేవాళ్లు చాలామంది, ఏదైనా తేడా వస్తే అదే ప్రాణం మీదికి తెస్తుంది.

ఈలోగా నొప్పితో పడుండమని నేను చెప్పను. మెఫ్టాల్ స్పాస్ విషయంలో చాలామంది నొప్పి భరించలేనంతగా పెరిగాక వేసుకుంటారు. అప్పటికే ప్రోస్టాగ్లాండిన్లు తయారైపోయి ఉంటాయి. నొప్పి మొదలవుతున్నట్టు తెలియగానే, అన్నం తిన్నాక వేసుకుంటే ఎక్కువ ఫలితం ఉంటుంది. మీరు వాడే మోతాదు సరిపోతోందా, వేరే మాత్రకు మారాలా అన్నది డాక్టరుతో మాట్లాడండి. ఒక జాగ్రత్త ఉంది. మెఫనమిక్ యాసిడ్ వల్ల అరుదుగా డ్రెస్ సిండ్రోమ్ అనే తీవ్రమైన అలర్జీ వస్తుందని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 చివర్లో హెచ్చరించింది. మాత్ర వాడిన కొన్ని వారాల్లో ఒంటి మీద దద్దుర్లు, జ్వరం, గ్రంథుల వాపు కనిపిస్తే ఆపేసి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అల్సర్, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు అడగకుండా వాడకూడదు. మీరు గర్భం కోసం చూస్తున్నారు కాబట్టి ఈ మాత్రలను నెలసరి రోజులకే ఉంచండి. నెల మధ్యలో వరసగా వాడితే అండం విడుదల ఆలస్యం కావచ్చు. రోజులు దాటి నెలసరి రాకపోతే, మాత్రయినా మూలికయినా, ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకున్నాకే.

పొత్తికడుపు మీద వేడి పెట్టడాన్ని చిన్న చిట్కాగా తీసిపారేయొద్దు. 39 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండే ప్యాచ్‌ను గంటల తరబడి పెట్టుకుంటే ఐబుప్రొఫెన్‌తో సమానంగా నొప్పి తగ్గినట్టు 2001లో వచ్చిన ఒక పరీక్షలో తేలింది. సింగపూర్ మందుల షాపుల్లో ఇలాంటి ప్యాచ్‌లు దొరుకుతాయి, ఆఫీసులో బట్టల కింద పెట్టుకుంటే ఎవరికీ తెలియదు. చర్మానికి నేరుగా అంటించకండి, పెట్టుకుని నిద్రపోకండి.

అల్లం గురించి కూడా చెప్పుకోవాలి. మీ కొలీగ్ ఇంట్లో ఎర్ర చక్కెర వేసిన అల్లం టీ తాగుతుంటారు, మన ఇళ్లలో అదే పని శొంఠి, బెల్లం చేస్తాయి. ఇరాన్‌లో 150 మంది కాలేజీ అమ్మాయిల మీద చేసిన పరీక్షలో, 250 మిల్లీగ్రాముల అల్లం పొడిని నెలసరి మొదలైన దగ్గర్నుంచి మూడు రోజులు, రోజుకు నాలుగుసార్లు ఇస్తే మెఫనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్‌లతో సమానంగా పనిచేసింది. 2009లో ఆ ఫలితాలు వచ్చాయి. ఎసిడిటీ లేకపోతే మీరూ ప్రయత్నించొచ్చు, మొత్తం రోజుకు ఒక గ్రామే. వ్యాయామం కూడా నొప్పి తగ్గిస్తుంది, వారానికి మూడుసార్లు ముప్పావు గంట నుంచి గంట. నొప్పి ఉన్న రోజు చేయమనడం లేదు, మిగతా రోజుల్లో.

మీవారికి నమ్మకం లేదన్నారు. చైనా మందులను ఆయన నమ్మాల్సిన పని లేదు. మీకున్న నొప్పిని నమ్మితే చాలు. గైనకాలజిస్టు దగ్గరికి ఆయన్ని కూడా తీసుకెళ్లండి. పిల్లల కోసం ఇద్దరూ చూస్తున్నారు కాబట్టి అక్కడ అడిగే ప్రశ్నలు ఇద్దరికీ సంబంధించినవే. ఎండోమెట్రియోసిస్ అని తేలితే ముందు గర్భం కోసం చూడాలా, ముందు దానికి చికిత్స చేయాలా అన్నది కలిసి తీసుకోవాల్సిన నిర్ణయం. సాధారణంగా ఇచ్చే హార్మోన్ మాత్రలు వాడినన్నాళ్లు గర్భం రాదు, ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి.

వచ్చే నెలసరికి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. నొప్పి ఏ రోజు ఏ వేళకు మొదలైంది, ఎక్కడ, ఎన్ని మాత్రలు వేసుకున్నారు, బ్లీడింగ్ ఎంత, మోషన్‌కి వెళ్లినప్పుడు ఎలా ఉంది, కలిసినప్పుడు నొప్పి ఉందా. డాక్టరు ముందు కూర్చున్నాక ఇవన్నీ గుర్తురావు. అపాయింట్‌మెంట్ దొరికేలోపు ఒక్కసారిగా ఒకవైపు విపరీతమైన నొప్పి వచ్చినా, జ్వరం వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా, నెల తప్పి టెస్ట్ పాజిటివ్ వచ్చాక నొప్పి వచ్చినా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

స్కాన్‌లో అంతా బాగుందని వచ్చి, డాక్టరు కూడా పరీక్ష చేసి చెడ్డదేమీ లేదంటే, పిల్లల కోసం చూస్తున్న సంగతి, శాకాహారి అన్న సంగతి చైనా వైద్యుడికి చెప్పి కొత్తగా రాయించుకున్న మూలికలను మూడు నెలలు వాడి చూడొచ్చు. ఆ మూడు నెలల్లో తేడా లేకపోతే ఆపేయండి, ఇంకో మూడు నెలలని పొడిగించుకుంటూ పోకండి. చిన్న ఎండోమెట్రియోసిస్ మచ్చలు స్కాన్‌లో కనిపించకపోవచ్చు. రిపోర్టు బాగున్నా నొప్పి ఇలాగే ఉంటే ఎంఆర్ఐ గానీ, పొట్టలోకి చిన్న కెమెరా పంపి చూసే ల్యాప్రోస్కోపీ గానీ అవసరమా అని డాక్టరును మీరే అడగండి.